కాలేజీ తాకట్టు, మన ఇంటి తాకట్టు: ఉత్తర అమెరికా తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, విద్యార్థి సహాయ విభాగాల్లో రాత్రింబవళ్లు ఫోన్లు ఎత్తుతున్న స్వచ్ఛంద సేవకులకు నమస్కారం.

నేను న్యూజెర్సీలో ఉంటున్నాను. ఇరవై ఏళ్లకు పైగా లాభాపేక్ష లేని సంస్థల లెక్కలు ఆడిట్ చేస్తున్నాను. ఈ దేశంలో ప్రైవేటు కాలేజీలు, స్కూళ్లు, ఆసుపత్రులు, వృద్ధాశ్రమాలు ప్రభుత్వ అథారిటీల ద్వారా బాండ్లు జారీ చేయించుకుని అప్పు తెచ్చుకుంటాయి. ఆ అప్పు కాగితాలు చదవడం నా వృత్తిలో భాగం. నా క్లయింట్ల గురించి ఈ లేఖలో ఒక్క మాట కూడా ఉండదు. నేను ప్రస్తావించే పత్రాలన్నీ మీలో ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదువుకోగలిగినవే. మనం వాటిని చదవడం లేదన్న బాధతోనే ఈ లేఖ రాస్తున్నాను.

ఒక రాత్రి మా ప్రాంత సంఘం సహాయ కేంద్రం నుంచి ఒక అబ్బాయి నంబరు ఇచ్చి మాట్లాడమన్నారు. పల్నాడు జిల్లా నుంచి వచ్చాడు. ఒక చిన్న ప్రైవేటు కాలేజీలో మాస్టర్స్. ఇంకొక్క సెమిస్టరు మిగిలింది. ఆ రోజు మధ్యాహ్నం కాలేజీ మూసేస్తున్నామని ఈమెయిలు వచ్చింది. "ఆంటీ, నా క్రెడిట్లు ఇంకో కాలేజీ వాళ్లు తీసుకుంటారా?" అని అడిగాడు. కొన్ని తీసుకోవచ్చు, కొన్ని తీసుకోకపోవచ్చు అని చెప్పాను. మర్నాడు వాళ్ల నాన్నగారు ఫోను చేశారు. ఇల్లు, ఎకరంన్నర పొలం బ్యాంకులో తాకట్టు పెట్టి కొడుకుని పంపారు. ఆయన చాలా నెమ్మదిగా అడిగారు: "అమ్మా, కాలేజీయే లేకుండా పోయాక ఆ అప్పు కూడా ఉండదు కదా?"

ఉంటుందని చెప్పాల్సి వచ్చింది. అమెరికా పౌరులైన విద్యార్థులు ఫెడరల్ ప్రభుత్వ రుణంతో చదువుతూ కాలేజీ మూతపడితే, ఆ రుణం రద్దు చేయమని కోరే హక్కు చట్టంలో ఉంది. మన పిల్లలకు ఆ రుణమే రాదు, కాబట్టి రద్దు అన్న మాటే లేదు. పైగా ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవారు మరో గుర్తింపు పొందిన కాలేజీకి మారాలి, లేదా దేశం విడిచి వెళ్లాలి.

ఆ ఫోను పెట్టేశాక నిద్ర పట్టక ఆ కాలేజీ బాండ్ల పత్రాలు తెరిచాను. మూసివేత ఈమెయిలుకు పదకొండు నెలల ముందే అక్కడ ఒక నోటీసు ఉంది. అప్పు ఒప్పందంలోని షరతు ప్రకారం చేతిలో ఉండవలసిన నగదు లేదని బాండ్లు కొన్నవారికి తెలియజేశారు. దాని వెంటే వచ్చిన ఆడిట్ నివేదికలో, సంస్థ మరో ఏడాది నడుస్తుందా అన్నది సందేహమేనని ఆడిటరు రాశారు. ఆ నోటీసు వచ్చిన తర్వాత కూడా ఈ అబ్బాయి రెండు సెమిస్టర్ల ఫీజు కట్టాడు. అది రాత్రి రెండు గంటల వేళ. ఆ పత్రాన్ని ఎవరికి చూపించాలో, చూపించి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ఈ బాండ్ల సంగతి మన వాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఒక ప్రైవేటు కాలేజీ వసతిగృహం కట్టుకోవాలనుకుంటుంది. బ్యాంకు దగ్గర వడ్డీ ఎక్కువ. అందుకని రాష్ట్రమో కౌంటీయో నెలకొల్పిన అథారిటీని ఆశ్రయిస్తుంది. అథారిటీ తన పేరు మీద బాండ్లు జారీ చేసి, వచ్చిన సొమ్మును కాలేజీకి అప్పుగా ఇస్తుంది. బాండ్లు కొన్నవారికి వచ్చే వడ్డీ మీద ఫెడరల్ ఆదాయపు పన్ను ఉండదు. అందువల్ల వాళ్లు తక్కువ వడ్డీకి ఒప్పుకుంటారు, ఆ మేరకు కాలేజీకి భారం తగ్గుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో డార్మిటరీ అథారిటీ 1944లో పుట్టింది. మొదట ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల వసతిగృహాల కోసం ఏర్పడి, తర్వాత ప్రైవేటు కాలేజీలకూ విస్తరించింది. మా న్యూజెర్సీలోనూ, ఇతర రాష్ట్రాల్లోనూ ఇటువంటివి వచ్చాయి. విస్కాన్సిన్‌లో 2010లో ఏర్పడిన పబ్లిక్ ఫైనాన్స్ అథారిటీ అయితే దేశంలో ఏ రాష్ట్రంలోని సంస్థకైనా బాండ్లు జారీ చేయగలదు.

ప్రైవేటు సంస్థకు ప్రభుత్వం ఇలా చేయూతనివ్వడం తగునా అన్న ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సౌత్ కరోలినాలో ఒక బాప్టిస్ట్ కాలేజీకి రాష్ట్ర అథారిటీ బాండ్లు జారీ చేయడాన్ని సవాలు చేసిన హంట్ వర్సెస్ మెక్‌నెయిర్ కేసులో, 1973లో, ఆరుగురు న్యాయమూర్తులు ఆ బాండ్లు చెల్లుతాయన్నారు, ముగ్గురు విభేదించారు. మత బోధనకు, ఆరాధనకు వాడే భవనాలకు ఆ సొమ్ము వాడకూడదన్న నియమం ఆ రాష్ట్ర చట్టంలోనే ఉంది. 2017 పన్ను సంస్కరణల సమయంలో ప్రతినిధుల సభ బిల్లు ఈ పన్ను మినహాయింపును తీసేయాలని చూసింది, తుది చట్టంలో మాత్రం అది మిగిలింది. మిగలడం మంచిదేనని నా అభిప్రాయం. ఈ బాండ్ల డబ్బుతో కట్టిన లైబ్రరీలు, ప్రయోగశాలలు నేను కళ్లారా చూశాను. ఈ పద్ధతి పోవాలని నేను కోరడం లేదు.

కానీ ఒక విషయం అందరూ తెలుసుకోవాలి. బాండు మీద అథారిటీ పేరు ఉంటుంది, పూచీ మాత్రం ఉండదు. కాలేజీ అప్పు తీర్చలేకపోతే రాష్ట్రం తీర్చదు, అథారిటీ తీర్చదు. ఆ మాట ప్రతి బాండు పత్రం మొదటి పేజీలోనే ముద్రిస్తారు. 2018లో అమరావతి కోసం సీఆర్‌డీఏ 2,000 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వాటికి పూచీ ఇచ్చింది. అలాంటివి చూసిన మన వాళ్లకు, 'రాష్ట్ర అథారిటీ బాండ్లతో కట్టిన క్యాంపస్' అని వినగానే కాలేజీ వెనుక ప్రభుత్వం నిలబడి ఉందన్న నమ్మకం కలుగుతుంది. ఇక్కడ ఆ నమ్మకానికి ఆధారం లేదు.

మరి బాండు కొన్నవారికి భరోసా ఏమిటి? చాలా ఒప్పందాల్లో కాలేజీ తన ఆదాయాన్ని హామీగా రాసిస్తుంది, కొన్నిటిలో క్యాంపస్‌ను తాకట్టు పెడుతుంది. చిన్న కాలేజీల ఆదాయంలో సింహభాగం విద్యార్థుల ఫీజులే. 2008 తర్వాత ఈ దేశంలో జననాలు తగ్గాయి. దాని ప్రభావం ఇప్పుడు హైస్కూలు దాటి వచ్చే పిల్లల సంఖ్య మీద పడుతోంది. ఆ లోటు పూడ్చుకోవడానికి కొన్ని చిన్న కాలేజీలు మాస్టర్స్ కోర్సులు పెంచి, పూర్తి ఫీజు కట్టే విదేశీ విద్యార్థులను చేర్చుకుంటున్నాయి. బాండు పత్రాల అనుబంధంలో అయిదేళ్ల విద్యార్థుల సంఖ్య పట్టిక ఉంటుంది. అండర్‌గ్రాడ్యుయేట్ వరుస ఏటికేడు తగ్గుతూ, మాస్టర్స్ వరుస ఒక్కసారిగా పెరిగిన పట్టికలు నేను చూశాను. ఆ పెరిగిన అంకెలో మన పిల్లలున్నారు. పల్నాడులో తండ్రి తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బే ఇక్కడ బాండు కొన్నవారికి హామీగా మారుతోంది.

ఒకే కాలేజీ మీద రెండు తాకట్లు ఆధారపడి ఉన్నాయి. కాలేజీ తాకట్టుకు కాపలాగా, బాండు కొన్నవారి తరఫున చూసుకునే ట్రస్టీ బ్యాంకు ఒకటి ఉంటుంది, షరతులుంటాయి, ఆ షరతులు చదివిచెప్పే లాయర్లుంటారు. నిబంధనల్లో పేర్కొన్న కీలక పరిణామాలు జరిగితే పది పనిదినాల లోపు బహిరంగంగా నోటీసు పెట్టాలి. మన ఇంటి తాకట్టుకు ఇవేవీ లేవు. కాలేజీ మూతపడి భవనాలు అమ్మితే వచ్చే డబ్బు మీద మొదటి హక్కు తాకట్టు పెట్టుకున్నవారిది. ఆ వరుసలో విద్యార్థి ఎక్కడో చివర ఉంటాడు.

ఇదంతా ఊహ కాదని చెప్పడానికి బహిరంగ చరిత్ర చాలు. న్యూయార్క్ రాష్ట్రంలో 1824లో పుట్టిన కజెనోవియా కాలేజీ 2022లో రెండున్నర కోట్ల డాలర్ల బాండ్ల అప్పును గడువుకు తీర్చలేకపోయింది. ఆ డిసెంబరులోనే మూసివేత ప్రకటించి, 2023 వసంత సెమిస్టరుతో ఆగిపోయింది. అక్కడ కనీసం సెమిస్టరు పూర్తి చేసుకునే వ్యవధి దొరికింది. ఫిలడెల్ఫియాలోని యూనివర్సిటీ ఆఫ్ ద ఆర్ట్స్ 2024 మే 31న మూసివేత వార్త చెప్పి, జూన్ 7న తలుపులు మూసింది. మధ్యలో ఉన్నది ఒక్క వారం! బోస్టన్ పక్కన మౌంట్ ఐడా కాలేజీ 2018 ఏప్రిల్‌లో ప్రకటించి, ఆ విద్యా సంవత్సరంతోనే ముగిసింది. దాని క్యాంపస్‌ను మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఏడున్నర కోట్ల డాలర్లకు కొన్నది.

కాలేజీలే కాదు, లాభాపేక్ష లేని ఇతర సంస్థలదీ ఇదే దారి. అరిజోనాలోని మీసా పట్టణంలో ఒక భారీ క్రీడా ప్రాంగణం కట్టడానికి లెగసీ కేర్స్ అనే సంస్థకు 2020, 2021 సంవత్సరాల్లో రాష్ట్ర స్థాయి అథారిటీ ద్వారా 28.4 కోట్ల డాలర్ల బాండ్లు జారీ అయ్యాయి. 2023 మేలో ఆ సంస్థ దివాలా కోర్టుకెక్కింది. ప్రాంగణం అమ్మితే అప్పులో పదో వంతు కూడా రాలేదు. మన సముదాయంలో ఎందరో ట్రస్టులు, స్కూళ్లు నడుపుతున్నారు. రేపు ఎవరైనా మీ దగ్గరకు వచ్చి పన్ను లేని బాండ్లతో భవనం కట్టిస్తామంటే ఈ ఉదాహరణ గుర్తుంచుకోండి.

ఇక ఈ పత్రాలు ఎక్కడ దొరుకుతాయో చెబుతాను. మున్సిపల్ బాండ్ల నియంత్రణ మండలి నడిపే 'ఎమ్మా' (EMMA) అనే వెబ్‌సైటు ఉంది. ఖాతా తెరవనక్కర్లేదు, రుసుము లేదు. కాలేజీ పేరుతో వెతికితే బాండ్లు జారీ చేసినప్పటి వివరణ పత్రం, ఏటా సమర్పించే ఆడిట్ నివేదికలు, మధ్యలో పెట్టిన నోటీసులు కనబడతాయి. వందల పేజీలు చూసి భయపడకండి. ముందు నోటీసుల శీర్షికలు చూడండి. అప్పు తీర్చడానికి దాచిన నిల్వనిధి నుంచి డబ్బు తీశారా, రేటింగు తగ్గిందా, షరతు ఉల్లంఘించారా అన్నది శీర్షికలోనే ఉంటుంది. తర్వాత ఆడిట్ నివేదికలో ఆడిటరు అభిప్రాయం పేజీ చదవండి. సంస్థ కొనసాగింపు మీద సందేహం ఉంటే సూటిగా ఒక పేరాలో రాస్తారు. రాసే మేము ఎంత ఆలోచించి, ఎంత ఒత్తిడి తట్టుకుని ఆ పేరా రాస్తామో నాకు తెలుసు. అది చదవకుండా వదిలేస్తే ఆ శ్రమంతా వృథా. ఆ తర్వాత విద్యార్థుల పట్టిక. మూడు చోట్లు చూడటానికి ముప్పావు గంట చాలు. అసలు ఆడిట్ నివేదికే గడువుకు రాలేదంటే, నా అనుభవంలో అది అన్నిటికన్నా పెద్ద హెచ్చరిక.

ఎమ్మాలో అన్నీ ఉండవన్నది నిజమే. బాండ్లన్నిటినీ ఒకే బ్యాంకు నేరుగా కొనుక్కున్న చోట ఈ పత్రాలు పెద్దగా కనబడవు. అలాంటప్పుడు సంస్థ ఏటా ఆదాయపు పన్ను శాఖకు ఇచ్చే ఫారం 990 చూడాలి. అందులో షెడ్యూల్ కె అనే భాగం ఈ బాండ్ల కోసమే ఉంది. ఫెడరల్ విద్యాశాఖ ప్రైవేటు కాలేజీల ఆర్థిక స్థితికి మైనస్ ఒకటి నుంచి మూడు వరకు మార్కు వేసి ప్రకటిస్తుంది. 1.5 కన్నా తక్కువ వచ్చిందంటే ఆగి ఆలోచించాలి. ఆ మార్కు ఒకటి రెండేళ్లు వెనకబడి వస్తుంది కాబట్టి దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

ఇంకొక సంగతి మన పౌరహక్కుకు సంబంధించింది. 1982 నాటి పన్ను చట్టం ప్రకారం ఇలాంటి బాండ్లు జారీ చేసే ముందు నోటీసు ఇచ్చి, ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, ఎన్నికైన ప్రతినిధి ఆమోదం పొందాలి. ఆ చట్టం ఆంగ్ల పేరులోని తొలి అక్షరాలను కలిపి దాన్ని టెఫ్రా విచారణ అంటారు. నోటీసు వ్యవధి ఒకప్పుడు పద్నాలుగు రోజులుండేది, 2019 నుంచి ఏడు రోజులైంది. ఇప్పుడు ఫోనులో కూడా పాల్గొనవచ్చు. నేను ఒకసారి పౌరురాలిగా అలా పాల్గొన్నాను. లైనులో అథారిటీ ఉద్యోగి, లాయరు, నేను. అభిప్రాయం చెప్పేవారు ఉన్నారా అని అడిగారు. కాలేజీ మూతపడే పరిస్థితి వస్తే విద్యార్థులకు ఎప్పుడు చెబుతారని అడిగాను. మీ ప్రశ్న నమోదు చేసుకున్నామన్నారు. తొమ్మిది నిమిషాల్లో అయిపోయింది. ఆ రోజు నాతో పాటు ఇరవై మంది తల్లిదండ్రులు లైనులో ఉండి ఉంటే ఆ ప్రశ్న కాగితం మీదే ఆగిపోయేది కాదని ఇప్పటికీ అనుకుంటాను. పన్ను మినహాయింపు వల్ల ఖజానాకు తగ్గే సొమ్ములో ఇక్కడ పన్ను కట్టే ప్రతి తెలుగు కుటుంబం వాటా ఉంది. అడిగే హక్కు మనకు పూర్తిగా ఉంది.

అడిగితే ఫలితం ఉంటుందనడానికి మసాచుసెట్స్ ఉదాహరణ. మౌంట్ ఐడా విద్యార్థులు, తల్లిదండ్రులు గట్టిగా గొంతెత్తారు. 2019 నవంబరులో ఆ రాష్ట్రం చట్టం తెచ్చింది. ప్రైవేటు కాలేజీల ఆర్థిక స్థితిని ఉన్నత విద్యామండలి ఏటా పరిశీలించాలి, మూతపడే ముప్పున్న కాలేజీ విద్యార్థులను ఎక్కడ చదివించాలో ముందుగా ప్రణాళిక సిద్ధం చేయాలి.

ఇప్పుడు మిమ్మల్ని అడగవలసింది అడుగుతాను. మీ సహాయ కేంద్రాల సేవ నాకు తెలుసు. ప్రమాదం జరిగితే ఆసుపత్రికి పరుగెత్తుతారు, మరణిస్తే పార్థివదేహాన్ని సొంత ఊరికి పంపడానికి చందాలు పోగు చేస్తారు. ఆ పని చేసే చేతులకు దండం పెడతాను. అదే శ్రద్ధ అడ్మిషనుకు ముందు కూడా కావాలి. ప్రతి సంఘంలో అకౌంటెంట్లు, బ్యాంకు ఉద్యోగులు, ఆర్థిక విశ్లేషకులు ఉన్నారు. వారిలో అయిదారుగురితో ఒక బృందం ఏర్పాటు చేయండి. గుంటూరులో, ఖమ్మంలో, కరీంనగర్‌లో ఉన్న తండ్రి కాలేజీ పేరు పంపితే, ఆ కాలేజీ పత్రాల్లో ఏముందో వారం లోపల తెలుగులో ఒక పేజీ రాసివ్వాలి. 'చేరండి', 'చేరవద్దు' అని మనం చెప్పనక్కర్లేదు. కష్టకాలంలో ఉండి కూడా నిలదొక్కుకున్న కాలేజీలు ఉన్నాయి, వాటికి చెడ్డపేరు తెచ్చే హక్కు మనకు లేదు. పత్రంలో ఉన్నది ఉన్నట్టు, పేజీ నంబరుతో సహా చెబితే చాలు. ఇంటి పత్రాలు బ్యాంకులో పెట్టే ముందే ఆ పేజీ ఆయన చేతికి అందాలి.

మహాసభల సావనీరులో ఏదైనా కాలేజీ ప్రకటన వేసే ముందు, వేదిక దగ్గర స్టాలు ఇచ్చే ముందు కూడా ఈ పరిశీలన చేయించండి. ప్రకటన డబ్బు అవసరమే, కాదనను. కానీ సంఘం పుస్తకంలో కనబడిన పేరును మన వాళ్లు సంఘం మాటగానే తీసుకుంటారు.

మీ రాష్ట్రంలోని అథారిటీలకు ఒక ఉత్తరం రాయండి. బాండు కొన్నవారికి నోటీసు పెట్టిన రోజే విద్యార్థులందరికీ అదే నోటీసు ఈమెయిలులో పంపాలన్న షరతును అప్పు ఒప్పందంలో చేర్చమని అడగండి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒప్పందంలో ఒక వాక్యం చాలు. కాలేజీలు ఒప్పుకోవడానికి వెనకాడతాయని తెలుసు. కష్టాల వార్త బయటికొస్తే విద్యార్థులు చేరరు, చేరకపోతే కష్టం ముదురుతుంది అంటారు. ఆ వాదనలో నిజం ఉంది. అయినా ఆ నోటీసు ఇప్పటికే బహిరంగంగా ఉంది. ఇల్లు తాకట్టు పెట్టిన ఒక్క తండ్రికి తప్ప ఆసక్తి ఉన్న ప్రతి ఒక్కరికీ అది అందుతోంది. దాన్ని ఆయన దాకా చేర్చమనే నేను అడుగుతున్నాను.

ఆ అబ్బాయి మరో కాలేజీలో చేరాడు. తొమ్మిది క్రెడిట్లు పోయాయి. చదువు ఇంకో ఏడాది సాగింది, ఊళ్లో అప్పు పెరిగింది. వాళ్ల నాన్నగారు ఇప్పుడు నాతో ఫోనులో మాట్లాడేది చెల్లెలి కొడుకు గురించి. ఆ అబ్బాయికి మూడు కాలేజీల నుంచి ప్రవేశ పత్రాలు వచ్చాయి. "నువ్వు చూసి చెప్పాకే బ్యాంకుకు వెళతామమ్మా" అన్నారు. మూడూ చూశాను. ఒకదాని ఆడిట్ నివేదిక ఏడు నెలలు ఆలస్యమైంది, ఆ మాట ఆయనకు చెప్పాను.

ప్రతి శనివారం సాయంత్రం రెండు గంటలు ఈ పనికి ఇవ్వగలను. పత్రాలు చదవడం నేర్పే తరగతి ఆన్‌లైన్‌లో మీరు పెడతామంటే పాఠాలు తెలుగులో నేనే తయారు చేస్తాను. వచ్చే కార్యవర్గ సమావేశంలో దీన్ని ఒక అంశంగా చేర్చి కబురు పంపండి. ఏ ఊళ్లో జరిగినా నా ఖర్చుతో వస్తాను.

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక తెలుగు ఆడిటరు